జుట్టుపోలిగాని హక్కు

మొన్న దీపాలవేళ నా మనుమడు మేడమీది గది విడిచి దిగివచ్చి, ఊడలు దిగు తరుణమున వాన మొగము చాటుచేసిన వేరుసెనగ చేనివలె వాడిపోయి, అరుగుమీద నా ప్రక్కన కూలబడెను.

“ఏమ్రా, యాల అట్లున్యావు?”

“వీడియో తీసేసినారు తాతా.”

“ఎవురు?”

“ఎవురూ లేరు. మిషను.”

వాడు కంప్యూటరుమీద గేములాడును; ఆడుచునే ఆ ఆటను ఇంటర్నెట్టులో ప్రత్యక్షముగా ప్రసారము చేయుచు, తన యెత్తులను, పొరపాట్లను, చచ్చుటను, మరల పుట్టుటను మన సీమమాటలో వర్ణించుచుండును; దీనిని స్ట్రీమింగ్ అందురు. ఆనాటి ఆటలో వాడు తోలిన కారులోని రేడియో రెండు నిమిషములపాటు ఒక పాటను పాడెనట. యంత్రమొకటి ఆ పాటను గుర్తుపట్టి, హక్కుదారు పేర, వాని రెండు గంటల శ్రమను తుడిచివేసెనట. వాడు పాటను కోరి పెట్టలేదు. ఆట కొన్నవానికి పాటయు ఆటతోనే వచ్చినది. ఐనను తప్పు వానిదే యైనది.

ఒకడు ఆడుచుండగా పదుగురు చూచుటలో రుచియేమని మొదట వానిని ఎగతాళి చేసినవారిలో నేనును ఒకడను. పిమ్మట నాకు తోలుబొమ్మలాట జ్ఞప్తికి వచ్చినది. ధర్మవరము చెంతనున్న నిమ్మలకుంట బొమ్మలవారి ఊరు. ఆంధ్ర తోలుబొమ్మల కళకు 2008లో భౌగోళిక గుర్తింపు లభించుటయు, ఆ ఊరి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చుటయు పాఠకు లెరిగినదే. చిన్ననాట మేము తెరముందు కంబళ్లు పఱచుకొని తెల్లవార్లు కూర్చుండుట రామాయణకథ తెలియకనా? రావణుడు చచ్చునని చంటిపిల్లకును తెలియును. యుద్ధము నడుమ తటాలున తెరమీదికి దుమికి, బంగారక్కతో కయ్యమాడి, ఆ యేటి కరవును, కరణముగారి పిసినితనమును, ముందువరుసలో కునుకుచున్నవాని గురకను సైతము మాటలలోనికి లాగు హాస్యపుబొమ్మ జుట్టుపోలిగాని కొఱకు మేము మేలుకొని యుంటిమి. కథ వాల్మీకిది కావచ్చును, పద్యము రంగనాథ రామాయణములోనిది కావచ్చును. జుట్టుపోలిగాడు మాత్రము ఆ రాత్రి ఆ తెరవెనుక నిలిచినవాని సొత్తే. నా మనుమని ప్రేక్షకులును వాని నోటికొఱకే వచ్చుచున్నారని, ఒకనాడు వాని వెనుక కుర్చీ వేసికొని కూర్చున్న పిమ్మట నాకు బోధపడెను.

మన కాపీరైట్ చట్టము 1957 నాటిది. ప్రదర్శకుడనగా ఎవడో చెప్పు నిర్వచనమొకటి 1994లో అందు వచ్చి చేరినది. నటుడు, గాయకుడు, నర్తకుడు, దొమ్మరి, గారడీవాడు, పాములవాడు, తుదకు ఉపన్యాసమిచ్చువాడు కూడ అందు గలరు. ప్రదర్శన చేయు మఱియెవ్వరైనను అని ఆ పట్టిక ముగియును. (1972 నాటి వన్యప్రాణి చట్టము పాములవాని బుట్టలోని పామును తీసికొనినది, ఈ చట్టమేమో ఆయనకు గౌరవాసనము వేసినది. చట్టములు ఒండొంటిని చదువవు కాబోలు.) ఆ ‘మఱియెవ్వరైనను’ అను సందులో నా మనుమనికిని చోటు దొరకవలెనని నా వాదము. విమర్శకును సమీక్షకును పరుల కృతిని మితముగా వాడుకొనవచ్చునని అదే చట్టము చెప్పుచున్నది. ఆటను ఆడి చూపుట సమీక్షయా, ప్రదర్శనమా, ఒట్టి నకలా అనునది మాత్రము అందు సూటిగా తేలదు.

అట్లని ఆటను నిర్మించినవారికి హక్కు లేదనను. రామాయణమునకు యజమాని లేడు. గేమునకు వెనుక ఎందఱో చిత్రకారుల, ప్రోగ్రామర్ల ఏండ్ల కష్టమున్నది. కథయే ప్రాణముగాగల స్టైన్స్ గేట్ వంటి ఆటను తుదిదాక చూపినయెడల, చూచినవాడు మరల దానిని కొనునా? అట్టి వీడియోలు పెట్టినవానికి జపానులో 2023లో రెండేండ్ల శిక్ష విధించి, ఐదేండ్లు దానిని నిలిపియుంచి, పది లక్షల యెన్‌ల జరిమానా వేసిరి. అది నాకు మరీ అన్యాయముగా తోచలేదు. ఆడువాని చేతినేర్పునుబట్టి ప్రతిసారియు వేఱుగా నడచు ఆటకు ఆ తూనికఱాయి పనికిరాదు. నింటెండో సంస్థ 2015లో ఒక ఏర్పాటు చేసి, ప్రకటనల రాబడిలో నూటికి అరువదో డెబ్బదియో ఆడినవానికి విడిచి తక్కినది తాను పుచ్చుకొనెను. మా సీమలో దీనిని కోరుకు చేయుట యందురు. 2018లో ఆ సంస్థయే దానిని ముగించుచున్నానని చెప్పి, కొన్ని నియమములకు లోబడి ఆడుకొనుడని వదలివేసెను. భూమిగలవాడు తనంతట కోరు మానుకొనుట మా మెట్టపొలముల నడుమ నేను చూచి యెరుగను.

అమెరికా సెనేటులో 2011లో ప్రతిపాదింపబడిన బిల్లొకటి, అనుమతిలేని ప్రసారము 180 దినములలో పదిసార్లు జరిగినచో ఐదేండ్ల చెరకు దారి తీయునదై, ఆడి చూపువారినెల్ల హడలెత్తించినది; అది చట్టము కాలేదు. 2020లో వచ్చిన చట్టము దొంగప్రసారమునే వ్యాపారముగా నడపు సంస్థలపై గుఱిపెట్టి, ఒంటరి ఆటగాని జోలికి పోలేదు. మన దేశమున 2012 సవరణ ప్రకారము ఫిర్యాది 21 దినములలో న్యాయస్థానపు ఆజ్ఞ తేలేనిచో తొలగించినదానిని మరల చూపవచ్చును. ఈ సూక్ష్మములేవియు యంత్రమునకు పట్టవు. 2017లో గాయకులు బాలసుబ్రహ్మణ్యంగారు అమెరికాలో కచేరీలు చేయుచుండగా, తాను స్వరపఱచిన పాటలను అనుమతి లేక పాడరాదని ఇళయరాజాగారి పక్షమున నోటీసు వచ్చినప్పుడు, బాలసుబ్రహ్మణ్యంగారు ఆ పాటలు మాని తక్కినవి పాడిరి. ఆ నోటీసు మంచిచెడ్డలెట్లున్నను, పంపినవారును అందుకొన్నవారును మనుష్యులు, ఒకరికొకరు ముఖమెఱిగినవారు. నా మనుమడు ఎవ్వరికి జవాబు వ్రాయవలెను?

నిన్న వాడు ఆటలోని రేడియోను కట్టివేసి మరల ఆడనారంభించెను. కారు మూగగా పోవుచుండెను. ఆ నిశ్శబ్దములోనికి మా వీధి బొరుగులవాని కేక కిటికీగుండ చొరబడినది. తెరప్రక్క వరుసలుగా వచ్చు జాబులలో ఎవ్వరో, ఏ దేశమున నున్నవాడో, “అన్నా, అది మన అనంతపురమేనా?” అని అడిగెను. “ఔ, బొరుగులాయప్ప. ఉండండి, పొట్లం కట్టించుకోని వస్తా” అని వాడు ఆట నాపి మెట్లు దిగి పరుగెత్తెను, రెండు వందలమంది, నిలిచిపోయిన కారును చూచుచు, వాడు వచ్చువఱకు కూర్చుండిరి.