లకుముకి తోక ఎందుకు పొట్టి?

పురాణాల్లో నిప్పు చాలాచోట్ల దొంగసొత్తే. గ్రీకుల ప్రొమీథియస్ దాన్ని బోలుకాడలో దాచి దించుకొచ్చాడు. న్యూజీలాండ్ మావోరీల మావి, అవ్వ వరసైన మహుయికను మాయచేసి ఆమె వేలిగోళ్లలోంచి రాబట్టాడు. మనకు చెకుముకి రాయి ఉంది. అండమాన్ ఆదివాసులకు లకుముకి పిట్ట ఉంది. ఆ పిట్ట చేసిన దొంగతనం చెప్పడానికి పట్టుమని పది వాక్యాలు పట్టవు. అంత చిన్న కథలో ఎంత పనితనం ఉందో చూపించడానికే ఈ పరిచయం.

ఎ.ఆర్. బ్రౌన్ 1906–08 మధ్య అండమాన్‌లో తిరిగి ఈ కథలు సేకరించాడు. తరవాత రాడ్‌క్లిఫ్-బ్రౌన్‌గా పేరు పడ్డ మానవశాస్త్రవేత్త ఆయనే. 1922లో వచ్చిన ‘ది అండమాన్ ఐలాండర్స్’లో నిప్పు కథకు ఒకటి కాదు, తెగకొక పాఠం ఉంది. వాటిలో ఉత్తరాది పాఠం ఒకటి ఇలా సాగుతుంది.

పూర్వీకులకు నిప్పు లేదు. బిలికు అనే ముసలమ్మ దగ్గర మాత్రమే ఉంది. ఆమె నిద్రపోతుంటే లకుముకి వచ్చి నిప్పు ఎత్తుకుపోయింది. బిలికు మేలుకుని ముత్యపు చిప్ప విసిరింది. పిట్ట రెక్కలూ తోకా తెగాయి. అది నీళ్లలో మునిగి, ఈదుకుంటూ పోయి నిప్పును తెపె అనే పూర్వీకుడికిచ్చింది. తెపె గువ్వకిచ్చాడు. గువ్వ అందరికీ పంచింది. అంతే కథ.

ముందు దొంగ ఎంపిక చూడండి. ఎగిరేవి ఎన్నో ఉండగా లకుముకే ఎందుకు? ఎందుకంటే దొంగతనం దాని రోజువారీ వృత్తి. కొమ్మ మీద కదలకుండా కూచుంటుంది, అదను చూసి దభీమని నీళ్లలో పడుతుంది, ముక్కున కరుచుకుని పైకి లేస్తుంది. కథకుడు దానికి కొత్త విద్య ఏదీ నేర్పలేదు. చేప ఉండాల్సిన చోట నిప్పు పెట్టాడు, అంతే. నిప్పు నీళ్లలో ఆరిపోదా అని అడగబోయి ఆగిపోతాం. ఆ మునక రోజూ చూసేదే కనుక నోరు పెగలదు. అసాధ్యాన్ని అలవాటులో దాచిపెట్టడం బాగా చేయి తిరిగినవాడి పని.

ఇక దెబ్బ. లకుముకిని దగ్గరగా చూసినవాళ్లకు తెలుసు: తల పెద్దది, ముక్కు పొడుగు, తోక మాత్రం ఎవరో కత్తిరించినట్టు పొట్టి. ‘తోక ఎందుకు పొట్టి’ అని పిల్లవాడు అడిగే ప్రశ్నకూ, ‘నిప్పు ఎలా వచ్చింది’ అని పెద్దవాడు అడిగే ప్రశ్నకూ ఒకే దెబ్బతో జవాబు చెప్పాడు కథకుడు. సాక్ష్యం ఎక్కడుందంటే రేవు దాకా పోయి చూసుకోమంటాడు.

విసిరిన వస్తువు కూడా ఊరికే తీసుకున్నది కాదు. చిప్పలను కత్తులుగా వాడుకున్న ద్వీపవాసులకు చిప్ప అంటే కోసేదని వేరే చెప్పక్కర్లేదు. అయితే బిలికు మామూలు ముసలమ్మ కాదు. ఈశాన్యపు గాలికీ, ఆ గాలితో వచ్చే తుపానులకూ అధిష్ఠాత్రి. తేనెమైనం కాల్చినా, కొన్ని అడవి దుంపలు తవ్వినా, పొద్దుపొడుపు వేళా పొద్దుగూకు వేళా చెట్ల మీద గీపెట్టే పురుగు జోలికి పోయినా ఆమెకు కోపం వస్తుంది, గాలివాన లేస్తుంది. ఆమె ముత్యపు చిప్ప విసిరితే అదే మెరుపు అని ఉత్తరాది తెగలు చెప్పుకునేవి. అంటే పిట్ట మీద పడింది పిడుగు. ఆ మాట కథలో ఎక్కడా లేదు. వినేవాళ్లకు తెలుసు గనక అక్కర్లేదు.

ఇక్కడ తెలుగు పాఠకుడికి గరుత్మంతుడు గుర్తుకు రావాలి. నన్నయ ఆదిపర్వంలో అమృతం ఎత్తుకుపోతున్న పక్షి మీద ఇంద్రుడు వజ్రాయుధం విసురుతాడు. దేవతల సొత్తు, పక్షి దొంగ, వెనకనుంచి పిడుగు: మూడూ ఉన్నాయి. తేడా ఫలితంలో ఉంది. గరుడుడు వజ్రం మీది మన్ననతో ఒక్క ఈక రాల్చి సాగిపోతాడు. లకుముకికి ఆ దర్జా లేదు. రెక్కలు తెగినా నోట్లోది వదలదు, ఎగరలేకపోతే ఈదుతుంది. మన కథలో అమృతం కోసం కాచుకున్న పాములకు చివరికి దక్కింది దర్భలు నాకి చీల్చుకున్న నాలుకలే. అక్కడ నిప్పు గువ్వ చేతిమీదుగా ఊరందరికీ అందింది.

ఆ చేతులు మారడం చూడండి. లకుముకి నుంచి తెపెకు, తెపె నుంచి గువ్వకు, గువ్వ నుంచి అందరికీ. పొరుగింటికి పిడక పట్టుకెళ్లి నిప్పు అడిగి తెచ్చుకున్న రోజులు ఎరిగిన మన పెద్దవాళ్లకు ఈ ముక్క వివరించనక్కర్లేదు. అండమాన్ వాళ్లకు నిప్పు పుట్టించే పద్ధతి లేదని, ఉన్న నిప్పును ఆరిపోకుండా కాపాడుకోవడమే వాళ్ల విద్య అని నాటి పరిశీలకులు రాశారు. మకాం మారితే కొరివి కూడా వెంట కదిలేది. అందుకే కథ నిప్పు ఎలా పుట్టిందో అడగలేదు, ఎలా అందిందో చెప్పింది.

ఇంకో పాఠంలో నిప్పు మొదట దొరికింది రొయ్యకు. ఎండకు ఎండిన దుంపాకులు అంటుకుంటే రొయ్య మంట వేసుకుని నిద్రపోయింది. లకుముకి దాన్ని ఎత్తుకుపోయి, చేపలు వండుకుని, కడుపు నిండా తిని తనూ పడుకుంది. గువ్వ వచ్చి దాని దగ్గర దొంగిలించింది. దొంగను దోచిన దొంగ! కాలితే ఎర్రబడే జీవికే తొలి నిప్పు అప్పగించడంలో కథకుడి కొంటె చూపు ఉందని నా అనుమానం.

దక్షిణాది పాఠం పోర్ట్‌బ్లెయిర్‌లో అధికారిగా పనిచేసిన ఇ.హెచ్. మాన్ 1880ల్లో ప్రచురించిన వివరాల్లో ఉంది. అక్కడ బిలికు స్థానంలో పులుగ అనే పురుషుడు. ప్రళయం వచ్చి ఇద్దరు మగవాళ్లు, ఇద్దరు ఆడవాళ్లు మిగిలారు. నిప్పు లేదు. చచ్చిపోయిన నేస్తం ఒకడు లకుముకి రూపంలో ఆకాశానికి పోయి, పులుగ చలి కాచుకుంటున్న కొరివిని ముక్కున కరుచుకోబోయాడు. వేడికి తట్టుకోలేక వదిలేస్తే అది పులుగ మీదే పడింది. ఒళ్లు మండిన పులుగ అదే కొరివిని పిట్ట మీదికి గిరవాటేశాడు. గురి తప్పింది. నిప్పు నేరుగా ఆ నలుగురి ముందు పడింది. దొంగతనం విఫలమైంది, దేవుడి కోపమే వరమైంది. ఉత్తరాదిలో ఆయుధం చిప్ప, నిప్పు వేరు. దక్షిణాదిలో ఆయుధమే నిప్పు. ఒకే సామాను, రెండు కొట్టాల్లో రెండు రకాల పనితనం.

ఈ కథలు చెప్పిన గ్రేట్ అండమానీస్ తెగల వాళ్లు 1901 లెక్కల్లో 625 మంది. 1961 నాటికి 19 మంది. వాళ్లలో బో భాష మాట్లాడగల చివరి మనిషి, బోవా సీనియర్, 2010 జనవరి 26న పోయింది. నావో జూనియర్ వంటి వాళ్ల నోట మిగిలిన కథలను, బోవా పాటలను భాషాశాస్త్రవేత్త అన్వితా అబ్బి పోగుచేసి 2021లో పుస్తకంగా తెచ్చారు. పోర్ట్‌బ్లెయిర్ (ఇప్పటి శ్రీ విజయపురం) వీధుల్లో తెలుగు మామూలుగా వినిపిస్తుంది. ఆ ద్వీపాల కథలు మాత్రం తెలుగులో అరుదు.

అందుకని ఒక మనవి. ఈసారి చెరువు గట్టున లకుముకి కనబడితే పక్కనున్న పిల్లలకు ఈ కథ చెప్పండి. తోక ఎందుకు పొట్టో చెప్పండి. గువ్వ అందరికీ పంచింది అన్న దగ్గర ఆపేయండి. చివర నీతి అతికించకండి. కట్టినవాళ్లు అతికించలేదు.