ఎవరి ముఖం కొలబద్ద?

ఫిల్మ్ కెమెరా నుంచి డిజిటల్ ఎస్ఎల్ఆర్‌కి మారడం గురించి రాసేవాళ్ళు సాధారణంగా రెండు రకాలు. మెగాపిక్సెళ్ళ లెక్క చెప్పి సంబరపడేవాళ్ళు కొందరు, రీలు కడిగే రసాయనాల వాసన తలుచుకుని దిగులుపడేవాళ్ళు మరికొందరు. ఈ రెండు కథల్లోనూ కెమెరా పట్టుకున్నవాడే నాయకుడు. దాని ముందు నిలబడ్డ స్త్రీ ఊసు ఎక్కడా ఉండదు. ఆమె వైపు నుంచి చూస్తే అడగాల్సిన ప్రశ్న వేరు. ఒక స్త్రీ ముఖం ఫోటోలో ఎలా ఉండాలో నిర్ణయించే అధికారం ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి మారింది?

ఫిల్మ్ కాలంలో ఆ అధికారం మూడు చోట్ల ఉండేది: ఫిల్మ్ తయారుచేసిన కంపెనీ, మీట నొక్కిన మనిషి, ప్రింటు వేసిన లాబ్. కొడాక్ కంపెనీ 1950ల నుంచి లాబ్‌లకి ఒక కార్డు పంపేది. దాని మీద తెల్లజాతి యువతి ఫోటో. మొదట్లో ఆ ఫోటోకి కూర్చున్న ఉద్యోగిని పేరుతోనే దాన్ని షిర్లీ కార్డు అన్నారు. ఆమె చర్మం బాగా వచ్చేదాకా ప్రింటు యంత్రాన్ని సరిచేసేవాళ్ళు. ఆమె బాగా వస్తే లోకమంతా బాగా వచ్చినట్టే లెక్క. ముదురు రంగు ముఖాల్లో కళ్ళూ పళ్ళూ తప్ప మిగతాదంతా నీడైపోతే ఆ నేరం ముఖానిదే అయ్యేది. కెనడా పరిశోధకురాలు లోర్నా రాత్ 2009లో ప్రచురించిన వ్యాసంలో ఈ చరిత్రని వెలికి తీశారు. గోధుమరంగు ఛాయల్ని సరిగ్గా పట్టే ఫిల్మ్ కావాలని కొడాక్‌కి ఫిర్యాదు చేసినవాళ్ళలో చాక్లెట్ కంపెనీలూ, చెక్క సామాన్ల కంపెనీలూ ఉన్నాయని ఆమె నమోదు చేశారు. మనుషుల ముఖాలకి దక్కని శ్రద్ధ సరుకులకి దక్కింది.

మన ఊళ్ళలో ఆ కార్డుని చూసినవాళ్ళు తక్కువే. కానీ దాని తీర్పు మన ఇళ్ళలో తెలియనిదెవరికి? పెళ్ళిచూపుల కోసం తీయించిన స్టూడియో ఫోటోలు గుర్తుతెచ్చుకోండి. "కొంచెం తెల్లగా వచ్చేట్టు చూడు బాబూ" అని అమ్మ అడగడం, స్టూడియో అతను సరేనని తలూపడం ఎంత మామూలు విషయం! నెగటివ్ మీద సన్నటి పెన్సిల్‌తో చేసే టచింగ్ ఒక నైపుణ్యంగా చెలామణి అయింది. చామనఛాయ అమ్మాయి ముఖం ఆమె కంటే ముందు పెళ్ళిబజారులోకి వెళ్ళేది, అదీ ఆమెది కాని రంగులో. ఎవరూ ఆమెని అడగలేదు. చీకటిగది తలుపు ఆమెకి ఎప్పుడూ మూసే ఉంది.

డిజిటల్ ఆ తలుపు తెరిచిందా? దాని పుట్టుకలోకి తొంగిచూస్తే అక్కడా కొలబద్దగా స్త్రీ ముఖమే కనిపిస్తుంది. 1973లో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పరిశోధకులు తమ ప్రయోగానికి ఒక బొమ్మ కావాలనుకుని, 1972 నవంబర్ ప్లేబాయ్ పత్రికలోని నగ్నచిత్రాన్ని భుజాల వరకూ కత్తిరించి స్కాన్ చేశారు. 'లెనా' అనే ఆ బొమ్మ మీద దశాబ్దాల పాటు ఫోటోల్ని కుదించే పద్ధతుల్ని పరీక్షించారు. ఐఇఇఇ కంప్యూటర్ సొసైటీ ఆ బొమ్మ ఉన్న వ్యాసాల్ని నిరాకరించడం మొదలుపెట్టింది 2024 ఏప్రిల్‌లో. 1975లో కొడాక్ ఇంజనీర్ స్టీవెన్ శాసన్ మొట్టమొదటి చేతి డిజిటల్ కెమెరా చేసి, పరీక్షకి తమ లాబ్‌లో పనిచేసే ఒక అమ్మాయిని ఫోటో తీశాడు. క్యాసెట్ మీదకి ఎక్కడానికి 23 సెకన్లు పట్టిన ఆ బొమ్మలో ఆమె జుట్టు ఆకారం తెలిసింది, ముఖం మాత్రం చెదిరిపోయింది. ఇంకా పని చెయ్యాలి అని చెప్పి ఆమె వెళ్ళిపోయింది. డిజిటల్ ఫోటోగ్రఫీ మీద తొలి విమర్శ ఆమెదేనని నేననుకుంటాను.

ఇక కెమెరా సంగతి. 1999లో నికాన్ డి1, 2003లో వెయ్యి డాలర్ల లోపు ధరతో కానన్ 300డి వచ్చాక డిజిటల్ ఎస్ఎల్ఆర్ పత్రికాఫీసులు దాటి బయటికొచ్చింది. చాలామంది పాత అలవాట్లతోనే దాన్ని పట్టుకున్నారు. మిట్టమధ్యాహ్నం, సున్నం కొట్టిన గోడ ముందు, తెల్లచీరలో నిలబడ్డ ఒక నల్లని స్త్రీని ఊహించుకోండి. కెమెరాలోని మీటర్ తనకి కనబడేదంతా మధ్యస్థమైన బూడిదరంగే అనుకుంటుంది. అందుకని గోడ తెలుపు చూసి వెలుగు తగ్గిస్తుంది, ముఖం నల్లబారుతుంది. నెగటివ్ ఫిల్మ్‌తో అయితే వెలుగు ఒక మెట్టు పెంచి ముఖాన్ని కాపాడేవాళ్ళం, తెల్లచీర మడతలు కూడా మిగిలేవి. డిజిటల్‌లో అలా పెంచితే చీర తెల్లకాగితం అయిపోతుంది, పోయిన మడత మళ్ళీ రాదు. పోనీ చీరని కాపాడదామా? 12 బిట్ల ఫైలులో ఛాయల మెట్లు 4096. వాటిలో సగం, అంటే 2048, అన్నిటికంటే వెలుతురున్న భాగానికే పోతాయి. ఆ కింది భాగానికి 1024, ఆ కింద 512. నీడలోకి దిగేకొద్దీ వాటా సగమవుతూ పోతుంది. సెన్సర్‌కి కులం తెలియదు, జాతి తెలియదు. అది వెలుతురుని లెక్కపెడుతుంది, అంతే. కానీ ఆ లెక్కలో నల్లని ముఖానికి చివరి పంక్తిలో మిగిలిందే దక్కుతుంది.

కాబట్టి గోడా, చీరా, ముఖం అన్నీ దక్కనప్పుడు దేన్ని వదులుకోవాలి అన్నది ఫోటో తీసేవాళ్ళ రాజకీయం. ముఖాన్ని వదులుకోకూడదనుకుంటే దారులున్నాయి. ఆమెతో మాట్లాడి వేపచెట్టు నీడకి రమ్మనవచ్చు, ఎండ వాలేదాకా ఆమె పక్కన కూర్చోవచ్చు. రా ఫైలు వాడుకోవచ్చు. జేపెగ్ అంటే కెమెరా తన రుచికి వండి పెట్టిన అన్నం. రా ఫైలు బియ్యం, వండుకోవడం మన పని. చీకటిగదిలో ఇంకొకరు తీసుకున్న నిర్ణయాల్ని ఇప్పుడు ఫోటో తీసిన స్త్రీయే తన బల్ల దగ్గర కూర్చుని తీసుకోవచ్చు. ఇది చిన్న మార్పు కాదు. భారతదేశపు తొలి మహిళా ఫోటో జర్నలిస్టు హోమై వ్యారావాలా (1913-2012) తొలి ఫోటోలు భర్త పేరు మీద అచ్చయ్యాయని గుర్తుంచుకుంటే, పనిముట్టూ, నిర్ణయమూ, పేరూ మూడూ ఒకే స్త్రీ చేతిలో ఉండటం ఎంత విలువైనదో అర్థమవుతుంది. పైగా 36 ఫోటోల రీలు ఖర్చు కోసం ఇంట్లో చెయ్యి చాపాల్సిన స్త్రీకి, తప్పులు చేస్తూ నేర్చుకునే స్వేచ్ఛ డిజిటల్‌తోనే వచ్చింది. ఆ స్వేచ్ఛ కెమెరా, కంప్యూటర్ కొనగలిగినవాళ్ళకే ముందు వచ్చిందన్నదీ నిజమే.

రెండో లాభం కెమెరా వెనకున్న తెర. ఊళ్ళలో ఫోటో తీసి చూపిస్తే, "కండ్లు మూసుకున్న బిడ్డా, ఇంకోటి తియ్యి" అనే పెద్దమ్మలు నాకు ఎంతోమంది తెలుసు. ఫోటోలో ఉన్న మనిషికి ఫోటో మీద మాట చెల్లడం ఇది. అయితే ఈ ఘనతంతా యంత్రానికి కట్టబెట్టకూడదు. షీబా ఛాఛీ ఢిల్లీ స్త్రీల ఉద్యమాల్లో వరకట్న వ్యతిరేక ప్రదర్శనల్ని ఫోటో తీసి, ఆ తర్వాత 1990ల మొదట్లో అదే ఉద్యమంలోని స్త్రీల చిత్రాలు తీశారు. ఎక్కడ కూర్చోవాలో, చుట్టూ ఏ వస్తువులుండాలో, ఎలా కనబడాలో ఆ స్త్రీలే నిర్ణయించుకున్నారు. అవి ఫిల్మ్ రోజులు, వెనక తెర లేదు. మాట చెల్లేది సంబంధం వల్ల. తెర దాన్ని సులువు చేస్తుంది, అంతకుమించి చెయ్యదు.

పోగొట్టుకున్నదీ ఉంది. రీలులో బాగా రాని ఫోటో కూడా బాగా వచ్చినదాని పక్కనే, అదే నెగటివ్ ముక్క మీద మిగిలేది. చెదిరిన జుట్టు, పొయ్యి ముందు చెమట, చంకలో బిడ్డతో సగం తిరిగిన ముఖం, ఆల్బమ్‌కి ఎక్కని స్త్రీల జీవితం చాలావరకు ఆ పక్క ఫోటోల్లోనే ఉంది. డిజిటల్‌లో వాటిని అక్కడికక్కడే చెరిపేస్తాం. తన ఫోటో చెరిపేయమని అడిగే హక్కు ఆ స్త్రీకి ఉండి తీరాలి. కానీ ఆమె అడగకుండా, అందంగా లేదని మనం చెరిపేసేది ఎవరి చరిత్ర? మనలో ఎంతమందికి అమ్మమ్మ పని చేస్తూ ఉన్న ఫోటో ఒక్కటైనా ఉంది?

ఇప్పుడు డిజిటల్ ఎస్ఎల్ఆర్ కూడా పాతబడింది. అద్దం లేని కెమెరాలు, ఫోన్లు దాని చోటు తీసుకున్నాయి. ముదురు చర్మఛాయల్ని సరిగ్గా చూపిస్తానంటూ 2021లో గూగుల్ తన ఫోన్‌లో రియల్ టోన్ అనే ఏర్పాటు తెచ్చింది. మరోవైపు అడగకుండానే ముఖాన్ని నునుపు చేసి, తెల్లబరిచే ఫోన్లు మన చేతుల్లోనే ఉన్నాయి. స్టూడియోలో పెన్సిల్ పట్టుకున్న మనిషినైనా వద్దని అడ్డుకునే వీలుండేది, ఈ పెన్సిల్ పట్టుకున్న చెయ్యి ఎవరికీ కనబడదు. కాబట్టి కొత్త కెమెరా కొనేటప్పుడు ఎన్ని మెగాపిక్సెళ్ళు అని అడిగే ముందు, అది మనల్ని అడగకుండా ఏమేం మారుస్తుందో తెలుసుకుందాం. ఆ మార్పుల్ని ఆపే మీట ఎక్కడుందో వెతికి, ఒకరికొకరం నేర్పుకుందాం.