చిటికెడు పిండి, చుక్కల లెక్క

మా అమ్మమ్మ ముగ్గు వేసేటప్పుడు ఎవరు పలకరించినా పలికేది కాదు. కొత్తగా వీధిలోకి వచ్చినవాళ్ళు పొగరనుకునేవాళ్ళు. అసలు సంగతేమిటంటే, లోపల లెక్క నడుస్తుండేది. మధ్య వరసలో పదిహేను పెట్టి, అటూ ఇటూ ఒక్కొక్కటీ తగ్గించుకుంటూ ఎనిమిది దాకా రావాలి. నడుమ ఎవరైనా “ఏం కూర వదినా?” అన్నారంటే ఒక చుక్క ఎగిరిపోయినట్టే.

ముగ్గు మీద రాసేవాళ్ళు ఎక్కువగా అర్థాల దగ్గరే ఆగిపోతారు. పద్మం లక్ష్మీదేవికి, రథం సూర్యుడికి, పాముల ముగ్గు నాగులచవితికి అని చెప్పి ఊరుకుంటారు. అవన్నీ నిజమే. నాకు మాత్రం ముగ్గులోని భక్తి బొమ్మలో కంటే చేతిలో ఎక్కువ కనిపిస్తుంది.

ముందు నేల. వాకిలి ఊడ్చి కళ్ళాపి చల్లుతారు. పేడనీళ్ళు పడగానే దుమ్ము అణుగుతుంది, మట్టి రంగు ముదురుతుంది. తెల్లగీత తేలడానికి అదే పలక. తడి ఎక్కువగా ఉంటే పిండి ముద్దకడుతుంది. పూర్తిగా ఆరితే గాలికి లేస్తుంది. ఈ రెంటికీ మధ్య దొరికే కాసేపట్లోనే పని అయిపోవాలి. వేసవిలో ఆ వ్యవధి మరీ తక్కువ. అందుకే మా అమ్మమ్మ కళ్ళాపి చల్లాక కాఫీ కూడా ముట్టేది కాదు.

తర్వాత పిండి. ఉత్త బియ్యప్పిండైతే చీమలు తింటాయి, పిచ్చుకలు దిగుతాయి. ఇల్లు దాటకుండానే కాస్త భూతదయ. ముగ్గురాయి పొడికి ఆ పుణ్యం లేదు కానీ వేళ్ళ మధ్య బాగా జారుతుంది, గీత మల్లెపూవులా తెల్లగా వస్తుంది. రెండూ కలిపి వాడే ఇళ్ళూ ఉన్నాయి. పూర్తిగా నెరిసిన తలను “ముగ్గుబుట్ట” అనడం ఆ తెలుపు చూసే.

ఇక చెయ్యి. నాలుగు వేళ్ళలో పిండి పట్టి, చూపుడువేలి మీదుగా బొటనవేలితో నెమ్మదిగా తోస్తూ జారవిడవాలి. వేళ్ళు నేలకు ఆనకూడదు, రెండంగుళాల ఎత్తులో ఉండాలి. చెయ్యి తటపటాయిస్తే అక్కడ గీత లావెక్కుతుంది, తొందరపడితే తెగుతుంది. మనసెక్కడో పెట్టుకుని వేసిన ముగ్గు వీధి మొదట్నుంచే తెలిసిపోతుంది. “రాత్రి ఇంట్లో ఏదో గొడవైనట్టుందే” అని ఎదురింటి ముగ్గు చూసి చెప్పేది అమ్మమ్మ. చాలాసార్లు నిజమయ్యేది కూడా.

చుక్కలు పెట్టడంలో రెండు తీర్లు. కిందా పైనా చుక్కలు ఒకదానికొకటి ఎదురుగా ఉంటే సరి చుక్క. రెండు చుక్కల మధ్య ఖాళీకి ఎదురుగా పై వరస చుక్క పెడితే సందు చుక్క. వారపత్రికల్లో బొమ్మ కింద “15 చుక్కలు, సందు చుక్క, 8 వరకు” అని ఒక్క ముక్క ఉంటుంది. చదివేవాళ్ళకు అది చాలు. ఆ ముక్కలో ఉన్నవి మొత్తం 169 చుక్కలు. తేనెపట్టు గదిలా ఆరు పక్కలు, ఏ పక్క చూసినా ఎనిమిదే. ఈ కూడిక చదువుకున్న నేను కాగితం మీద చేశాను. అమ్మమ్మకు ఆ అంకె అక్కర్లేదు, పక్కలు సరిపోతే చాలు.

మెలికల ముగ్గు ఇంకో లోకం. అందులో తీగ చుక్కను ముట్టకుండా చుట్టూ తిరిగి, బయల్దేరిన చోటికే వచ్చి కలవాలి. సరి చుక్కలు మూడు వరసలుగా, వరసకు నాలుగు పెట్టి, ప్రతి రెండు పక్కపక్క చుక్కల మధ్యా తీగలు ఒకదాన్నొకటి దాటేలా వేసి చూడండి. ముగ్గంతా ఒకే తీగతో అయిపోతుంది. మూడు వరసలకు మూడేసి చుక్కలు పెడితే మాత్రం ఒక్క తీగతో కాదు, విడివిడిగా మూడు కావాలి. కారణం చిన్నప్పటి లెక్కల పుస్తకంలోనే ఉంది: రెండు అంకెల గరిష్ఠ సామాన్య భాజకం ఎంతో, తీగలూ అన్నే. తమిళుల కోలాల్లోని ఈ తర్కాన్ని పట్టుకుని మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో గిఫ్ట్ సిరోమణి, రాణి సిరోమణి 1970ల్లో కంప్యూటర్ శాస్త్రానికి పనికొచ్చే పరిశోధన చేశారు. అమ్మమ్మ మాత్రం “మూడు మూళ్ళు పెట్టకు, తీగ సాగదు” అని ఊరుకునేది.

తప్పు పోతే ఏం చేస్తారన్నదే నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి. చెరిపితే తడినేల మీద తెల్లటి మరక మిగులుతుంది. అందుకని చెరపరు. వంకర పోయిన గీతను ఆకుగా తిప్పుతారు, సమానంగా ఉండాలి కాబట్టి మిగతా మూడు వైపులా అవే ఆకులు వేస్తారు. నా పదేళ్ళప్పుడు నా చెయ్యి వణికి ఒక రేక బయటికి పోయింది. అమ్మమ్మ పక్కన కూర్చుని “ఏడవకే, ఇంకో మూడు వెయ్యి” అంది. చూసినవాళ్ళంతా ఆ ఆకుల్నే మెచ్చుకున్నారు.

ధనుర్మాసంలో ఈ పది నిమిషాల పని గంటసేపవుతుంది. నెల పట్టిన దగ్గర్నుంచి వీధిలో ముగ్గుల పోటీ, మధ్యలో గుమ్మడిపూలు పెట్టిన గొబ్బెమ్మలు. ఆ గొబ్బెమ్మల్నే పిడకలు చేసి దాచి, రథసప్తమి నాడు వాటి మంట మీద పాలు పొంగిస్తారు. సంక్రాంతి పండుగ చివర వేసే రథం ముగ్గుకు తాడు గీసి, ఆ తాడును పక్కింటి రథానికి కలుపుతారు. వేసవిలో కుళాయి దగ్గర మాటామాటా అనుకున్నవాళ్ళు కూడా ఆ రోజు తాడు తెంపరు. ఇంట్లో ఎవరైనా పోతే మాత్రం వాకిలి బోసిగా ఉంటుంది. తలుపు తట్టి అడగక్కర్లేదు, దారిన పోయేవాళ్ళు చూసి గొంతు తగ్గిస్తారు.

ఇదంతా చెప్పి, ఈ పని ఎవరి నెత్తిన పడిందో చెప్పకపోతే అన్యాయం. చలిలో నాలుగింటికి లేచింది ఆడవాళ్ళే. లేవలేని కోడలికి ముగ్గు పూజ కాదు, వెట్టి. భర్త పోయినవాళ్ళను శుభకార్యాల ముగ్గుకు దూరంగా పెట్టిన ఇళ్ళు నాకు తెలుసు. కొత్త ఇల్లు కట్టేటప్పుడు పునాది గుర్తుకు మేస్త్రీ సున్నంతో గీసేదాన్నీ “ముగ్గు పోయడం” అనే అంటాం, అక్కడ మగవాడి చెయ్యి ఏ మొహమాటమూ పడదు. వాకిట్లోకి వచ్చేసరికే ఎందుకో ఆ చేతికి పిండి అంటదు.

ఇప్పుడు నేనుండేది హైదరాబాదులో, మూడో అంతస్తులో. గడప ముందు సుద్దముక్కతో నాలుగు గీతలు, అంతే. కింద గేటు ముందు ముగ్గు వేసేది వాచ్‌మన్ భార్య. జీతంలో భాగంగా చేసే పనే, రోజూ ఏడు చుక్కలు, నాలుగు వరకు. మొన్న పాలకు దిగితే ఆవిడ నడుం మీద చెయ్యి పెట్టుకుని పక్క అపార్ట్‌మెంట్ గేటు వైపు చూస్తోంది.

“చూశారా అమ్మా, వాళ్ళది? మూడో వరసలో చుక్క తప్పింది. పొద్దుట్నుంచీ కంట్లో నలుసులా ఉంది. నేనెళ్ళి సరిచేస్తే ఏమనుకుంటారో?”