కాండక్ట్ సర్టిఫికెట్

లండన్ హీత్రూ విమానాశ్రయంలో ఒక గది. బల్ల మీద సూట్‌కేసు తెరిచి పడేసి ఉంది. పై చదువు కోసం అమెరికా పోతున్న ఇస్మా అనే అమ్మాయిని అధికారులు ప్రశ్నలడుగుతున్నారు. షియాల గురించి నువ్వేమనుకుంటున్నావు? రాణి గురించి? ఇరాక్ మీద యుద్ధం గురించి? టీవీలో వచ్చే కేకుల పోటీ గురించి? ఇట్లాంటివి అడుగుతారని ఇస్మాకి ముందే తెలుసు. చెల్లెల్ని ఎదురుగా కూచోబెట్టుకుని జవాబులు ప్రాక్టీసు చేసింది. పెట్టెలో ఖురాన్ పెట్టుకోలేదు. ఇంట్లోవాళ్ల ఫొటోలు కూడా పెట్టుకోలేదు. జవాబుల్లో ఎక్కడా తడబడలేదు. విమానం మాత్రం వెళ్లిపోయింది.

కమీలా షమ్సీ నవల 'హోమ్ ఫైర్' ఇట్లా మొదలవుతుంది. 2017లో వచ్చింది. 2018లో బ్రిటన్‌లో ఉమెన్స్ ప్రైజ్ గెలుచుకుంది. షమ్సీ కరాచీలో పుట్టింది, 2013లో బ్రిటిష్ పౌరసత్వం తీసుకుంది. అంటే పౌరసత్వం కోసం వరసలో నిలబడ్డ మనిషి రాసిన పుస్తకం ఇది. మొదటి పేజీల్లోనే అది తెలిసిపోతుంది. మాకు హీత్రూ తెలియదు గానీ ఆ గది తెలుసు. అద్దె ఇంటి కోసం పోయి పేరు చెప్పగానే 'ఇప్పుడే వేరేవాళ్లకి ఇచ్చేశామండీ' అనిపించుకున్న ప్రతి వాకిలీ మాకు ఆ గదే.

కథ పాతదే. సోఫోక్లీస్ 'యాంటిగొనీ'. ద్రోహి అని రాజు ముద్ర వేసిన అన్న శవాన్ని పూడ్చిపెడతానని పట్టుబట్టిన చెల్లెలి కథ. షమ్సీ దాన్ని తెచ్చి వెంబ్లీలో ఒక పాకిస్తానీ మూలాల ఇంట్లో పెట్టింది. తండ్రి జిహాదీ, గ్వాంటనామోకి తీసుకుపోతుంటే దారిలో చచ్చిపోయాడు. పెంచింది పెద్దక్క ఇస్మా. తర్వాత కవలలు, అనీకా, పర్వేజ్. తండ్రి ముఖం ఎరగని పర్వేజ్‌ని ఫరూఖ్ అనేవాడు తండ్రి పేరు చెప్పి వశం చేసుకుంటాడు, సిరియాలో ఐసిస్ ప్రచార విభాగంలోకి చేరుస్తాడు. పిల్లవాడికి కొన్నాళ్లకే కళ్లు తెరుచుకుంటాయి. పారిపోయి వచ్చి ఇస్తాంబుల్‌లో బ్రిటిష్ కాన్సులేట్ ముందు తుపాకీ గుండుకి పడిపోతాడు. శవం ఇంటికి రావడానికి వీల్లేదంటాడు హోమ్ మంత్రి. పాకిస్తాన్‌కి పంపించండి, అదే వాడి దేశమంటాడు. కరాచీలో ఒక పార్కులో మంచు దిమ్మల మధ్య తమ్ముడి మయ్యత్ పెట్టుకుని కూచుంటుంది అనీకా.

ఆ హోమ్ మంత్రి పేరు కరామత్ లోన్. బ్రాడ్‌ఫర్డ్‌లో పెరిగిన ముస్లిం బిడ్డ. మసీదు మెట్లు దిగి పార్లమెంటు మెట్లు ఎక్కినవాడు. నవల అచ్చయ్యేనాటికి బ్రిటన్‌లో అట్లాంటి హోమ్ మంత్రి లేడు. 2018 ఏప్రిల్‌లో వచ్చాడు. పాకిస్తాన్ నుంచి వలస వచ్చిన బస్సు డ్రైవరు కొడుకు సాజిద్ జావిద్. 2019 ఫిబ్రవరి 19న ఆయన శాఖ షమీమా బేగం పౌరసత్వం రద్దు చేసింది.

షమీమా లండన్‌లోనే పుట్టింది. తల్లిదండ్రులది బంగ్లాదేశ్. 2015 ఫిబ్రవరిలో, పదిహేనేళ్ల వయసులో, ఇద్దరు స్నేహితురాళ్లతో కలిసి సిరియా పోయింది. పోయిన కొన్ని రోజులకే పెళ్లి. ఇద్దరు పిల్లలు పుట్టి చచ్చిపోయారు. నాలుగేళ్ల తర్వాత నిండు చూలాలిగా శరణార్థుల శిబిరంలో ఒక విలేఖరికి కనపడింది. వచ్చినందుకు పశ్చాత్తాపం లేదంది. చెత్తబుట్టలో తెగిన తల చూశాననీ, చలించలేదనీ చెప్పింది. బిడ్డను మాత్రం ఇంటి దగ్గర కంటానని అడిగింది. తల్లి పౌరసత్వం రద్దు కాకముందే పుట్టాడు గనుక ఆ మూడో బిడ్డ చట్టప్రకారం బ్రిటిష్ పౌరుడు. మూడు వారాలైనా నిండకుండానే మార్చిలో నిమోనియాతో పోయాడు.

చట్టం సంగతి కొంచెం చూడాలి, కీలకం అక్కడే ఉంది. 2002 దాకా పుట్టుకతో బ్రిటిష్ అయినవాళ్ల పౌరసత్వం తీసేసే అధికారం ఏ మంత్రికీ లేదు. ఐరిష్ రిపబ్లికన్లు లండన్‌లో, బర్మింగ్‌హామ్‌లో బాంబులు పెట్టిన కాలంలో కూడా లేదు. వాళ్లని పట్టుకుని విచారించి జైల్లో పెట్టారు. కొన్ని కేసుల్లో తప్పుడు మనుషుల్ని పెట్టారు, అది వేరే కథ. 2002లో ఆ తలుపు తెరిచారు. 2006లో 'ప్రజా శ్రేయస్సు' అనే ఒక్క మాట చాలునన్నారు. మనిషిని ఏ దేశమూ లేకుండా చెయ్యకూడదనే నియమం ఒకటి అడ్డంగా ఉంది. దానికీ దారి ఉంది. అమ్మానాన్నల దేశం చట్టం ప్రకారం ఇంకో పౌరసత్వం ఉందని చూపిస్తే సరిపోతుంది. షమీమాకి బంగ్లాదేశ్ ఉందన్నారు. బంగ్లాదేశ్ మాత్రం ఆమె మా పౌరురాలు కాదంది. ఈ చట్టం ఎక్కడా ముస్లిం అనే మాట వాడదు. అవసరం లేదు. వలస వచ్చినవాళ్ల పిల్లలకే రెండో దేశం దొరుకుతుంది గనుక, నాలుగు తరాలుగా ఒకే ఊళ్లో ఉన్న తెల్లవాడిని ఈ కత్తి తాకదు. జాక్ లెట్స్ అనే తెల్ల కుర్రాడి పౌరసత్వం కూడా 2019లో తీసేశారు కదా అనొచ్చు. అతని తండ్రిది కెనడా. కత్తికి అక్కడ సందు దొరికింది.

ఈ పరీక్షకి పాత పేరొకటుంది. 1990లో కన్సర్వేటివ్ నాయకుడు నార్మన్ టెబిట్, వలస వచ్చినవాళ్లు క్రికెట్‌లో ఎవరిని సమర్థిస్తారో చూస్తే వాళ్ల విధేయత తెలుస్తుందన్నాడు. మరుసటి ఏడే ఇక్కడ ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' రాశాడు. అందులోనూ క్రికెట్ మ్యాచే దేశభక్తికి తూనికరాయి. ఒకరిని చూసి ఒకరు రాసుకున్నది కాదు. అక్కడ అధికారంలో ఉన్నవాడు అడిగాడు, ఇక్కడ అడిగించుకున్నవాడు చెప్పాడు. ప్రశ్న ఒక్కటే.

నవలలో మమ్మల్ని ఎక్కువ ఆపిన మనిషి కరామత్ లోన్. బ్రాడ్‌ఫర్డ్ బడిలో ముస్లిం పిల్లల ముందు నిలబడి, వేరుగా కనిపించకండి, వేరుగా ఉండకండి అని బోధిస్తాడు. ఇంగ్లీషులో ఆయనకొక సౌకర్యం ఉంది. ఆ భాషలో 'మేం'కీ 'మనం'కీ ఒకటే మాట. బ్రిటన్‌ని ఉద్దేశించి ఆ మాట అన్నప్పుడు పిల్లలు లోపల ఉన్నారో బయట ఉన్నారో తేలదు. తెలుగులో అంత సులువు కాదు. నోరు విప్పగానే ఎదుటివాణ్ణి కలుపుకున్నామో వదిలేశామో తెలిసిపోతుంది. మేం ఈ వ్యాసం పొడుగునా 'మేం' అని ఎందుకు రాస్తున్నామో చదివేవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

లోన్‌ని షమ్సీ దుర్మార్గుడిగా చెయ్యలేదు. తనవాళ్లను ఎక్కువ కొడితే తప్ప అతణ్ణి 'మనవాడు' అనుకోరు. ఆ భయాన్ని ఆమె బాగా పట్టుకుంది. పోలీసు స్టేషన్లో, కాలేజీ స్టాఫు రూములో, పత్రికాఫీసులో ఇట్లాంటివాళ్లను మేం చూశాం. కొన్నిసార్లు అద్దంలోనూ చూశాం.

అయితే ఈ నవలతో మాకు పేచీ ఉంది. షమ్సీ పర్వేజ్‌ని చాలా తేలిగ్గా ప్రేమించదగ్గవాడిగా చేసింది. వాడు ధ్వనులు రికార్డు చేసుకునే సున్నితమైన పిల్లవాడు. తండ్రి కోసం పోయాడు. తప్పు తెలుసుకున్నాడు. తిరిగొస్తూ చచ్చిపోయాడు. శవానికి ఎవరైనా కన్నీళ్లు పెడతారు. అనీకా అందగత్తె, మాటకారి, మంత్రి కొడుకే ఆమె కోసం ప్రాణం ఇవ్వడానికి సిద్ధపడతాడు. వీళ్ల పక్కన నిలబడటానికి పాఠకుడికి ధైర్యం ఏమీ అక్కర్లేదు. షమీమా పక్కన నిలబడాలంటే కావాలి. ఆమె చావలేదు. మొదట్లో పశ్చాత్తాపపడలేదు. తర్వాత నల్ల బట్టలు వదిలేసి టోపీ పెట్టుకుని క్షమాపణ అడిగితే, అదీ నటన అన్నారు. ఏ జవాబు ఇచ్చినా తప్పే. ఆ గది మొదటి నుంచీ అట్లాగే ఉంది. మంచి పిల్లలకే పౌరసత్వం ఇస్తామంటే అది పౌరసత్వం కాదు, బడిలో హెడ్మాస్టరు రాసిచ్చే కాండక్ట్ సర్టిఫికెట్. పర్వేజ్‌కి మంచి నడత ఇచ్చి, షమ్సీ తెలిసో తెలియకో ఆ కాగితం అడిగేవాళ్ల షరతుకే ఒప్పుకుంది. పశ్చాత్తాపం లేనివాడు, బతికి ఉన్నవాడు, మనకి నచ్చనివాడు ఇంటికొస్తానంటే ఏం చెయ్యాలనే ప్రశ్న నవల బయటే ఉండిపోయింది.

ఇస్మా దగ్గర మాత్రం రచయిత్రి మమ్మల్ని తప్పించుకోనివ్వలేదు. తమ్ముడు ఎక్కడికి పోయాడో పోలీసులకి చెప్పింది ఇస్మానే. చెల్లెలు ఆమెను క్షమించదు. మేం కూడా మొదటిసారి చదివినప్పుడు చీదరించుకున్నాం. ఆలోచిస్తే, తండ్రి మూలంగా ఏళ్ల తరబడి తలుపు తట్టించుకున్న ఇల్లది. ఇంకొకరిని ఎవరూ తట్టకముందే తనే వెళ్లి చెప్పడం ఆమెకి ఇల్లు కాపాడుకోవడం. ఎక్కడో బాంబు పేలిందంటే టీవీ ముందు మేం మొదట చేసే దువా ఏమిటి? 'యా అల్లా, చేసినవాడు మనవాడు కాకూడదు.' చచ్చినవాళ్లు తర్వాత గుర్తొస్తారు. ఇది ఒప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

మా పెద్దమనుషుల సంగతి కూడా చెప్పాలి. ఐసిస్ పేరు ఎత్తగానే 'వాళ్లు ముస్లింలే కాదు' అని చేతులు దులుపుకుంటారు. మంత్రి పౌరసత్వం తీసేస్తాడు, వీళ్లు దీన్ తీసేస్తారు. పదిహేనేళ్ల పిల్లకి ఖిలాఫత్ కలని ఎవరు అమ్మారు, ఇంట్లో ఏ మాట మాట్లాడటానికి వీల్లేక ఫోనులో అపరిచితుడితో మాట్లాడింది, ఆడపిల్ల చదువుకీ నికాకీ మధ్య మేం ఎంత జాగా ఉంచాం? వీటి మీద ఏ జల్సాలోనూ మాట్లాడరు. బయటివాళ్ల ముందు మన ఇంటి గుట్టు ఎందుకు అంటారు. గుట్టు ఫరూఖ్‌కి ఎప్పుడో తెలుసు.

షమీమా అమాయకురాలని మేం అనడం లేదు. 2014 ఆగస్టులో సింజార్‌లో యజీదీ ఆడవాళ్లను బానిసలుగా అమ్ముకున్న రాజ్యంలో ఆమె కాపురం చేసింది. ఏం చూసింది, ఏం చేసింది అని నిలదీయాల్సిందే. లండన్ కోర్టులో బోనెక్కించి నిలదీయాలి. బ్రిటన్ చేసింది సరిగ్గా దానికి వ్యతిరేకం. 2021లో సుప్రీంకోర్టు, అప్పీలు వాదించుకోవడానికి కూడా ఆమె దేశంలోకి రాకూడదంది. 2023లో ప్రత్యేక ట్రిబ్యునల్, ఆమెను లైంగిక దోపిడీ కోసం తరలించారని నమ్మదగ్గ అనుమానం ఉందంటూనే అప్పీలు కొట్టేసింది. 2024లో బ్రిటన్ కోర్టుల్లో మిగిలిన తలుపులూ మూసుకున్నాయి. నేరం రుజువు కాలేదు, నిర్దోషి అనీ తేలలేదు. యజీదీ స్త్రీలకి దీనివల్ల దక్కిన న్యాయమేమిటో ఏ మంత్రీ చెప్పలేదు.

అదే 2019 సెప్టెంబర్‌లో జర్మనీలో డోర్ట్‌మండ్ నగరం షమ్సీకి ప్రకటించిన నెల్లీ సాక్స్ బహుమతిని వెనక్కి తీసుకుంది. ఇజ్రాయెల్‌ని బహిష్కరించాలనే ఉద్యమాన్ని ఆమె సమర్థించడం వాళ్లకి నచ్చలేదు. ఆమె నడతలో కూడా లోపం దొరికింది. కాండక్ట్ సర్టిఫికెట్ గురించి అంత పెద్ద నవల రాసినావిడకి ఆశ్చర్యం కలిగి ఉండదు.

ఆ ఏడాదిని మేం ఇంకోలా గుర్తుపెట్టుకున్నాం. ఆగస్టు 31న అస్సాం పౌరుల జాబితాలో 19 లక్షల పైచిలుకు మంది పేర్లు లేవు. వాళ్లలో హిందువులూ ఉన్నారు, ముస్లింలూ ఉన్నారు. డిసెంబర్‌లో వచ్చిన పౌరసత్వ సవరణ చట్టం మూడు దేశాల నుంచి వచ్చిన ఆరు మతాలవాళ్లకి దారి చూపించింది. మా మతం ఆ వరసలో లేదు. ఆ చలికాలం మా ఇళ్లలో అటక మీది ట్రంకు పెట్టెలు దిగాయి. ఇస్మా జవాబులు ప్రాక్టీసు చేసినట్టు మేం కాగితాలు సర్దుకున్నాం. రేషన్ కార్డులో మహమ్మద్, ఓటరు కార్డులో మొహమ్మద్, పదో తరగతి మెమోలో ఎండీ. ముగ్గురూ ఒక్కరేనని ఎవరి దగ్గర సంతకం పెట్టించుకోవాలో తెలియక, అబ్బా ఆ మూడింటినీ ఒకే కవర్లో పెట్టి మళ్లీ పెట్టెలో దాచాడు.