ఒక్క గీతతో జత కుదిరిన మంచాలు

ఆ రెండు మంచాలకీ పుట్టుకలోనే పొంతన లేదు. ఒకటి రంగూన్ టేకుది. లేత్ మీద గుండ్రంగా తీసిన కాళ్లు, తలవైపు వంపు తిరిగిన పట్టె. రెండోది వేపచెక్కది, ఏ హాస్టల్‌కో టోకున చేయించినట్టు నిలువు పలకలతో మొండిగా ఉంటుంది. ఎత్తులో జానెడు తేడా. రెండూ విశాఖపట్నంలోని ఓ పాత సామాన్ల కొట్లో దొరికాయి, వాటితోపాటు ఒక చెక్క బీరువా. ఇప్పుడవి మా బంధువులింట్లో, అక్కాచెల్లెళ్లు ఇద్దరు కలిసి పడుకునే గదిలో ఉన్నాయి. గుమ్మంలో నిలబడి చూస్తే మూడూ ఒకే వడ్రంగి చేసినట్టు అనిపిస్తాయి.

అందుకు కారణం ఒక గీత. వేలి మందం కూడా లేని ముదురు నీలం గీత మొదటి మంచం తలపట్టె మీద మొదలై, రెండో మంచం మీదుగా, బీరువా తలుపుల దాకా ఒకే మట్టంలో సాగుతుంది. గోడ మీద గీత లేదు. మధ్యనున్న ఖాళీని కన్నే కలిపేసుకుంటుంది. ఆ పాత ఇంటి నేల గుమ్మం వైపు కాస్త వాలి ఉంది కాబట్టి నేల నుంచి టేపు పెట్టి కొలిస్తే గీత కూడా వాలిపోయేది. అందుకే దాన్ని గీసిన పెయింటరు, తాపీ మేస్త్రీలు వాడే నీళ్ల గొట్టం తెచ్చి మట్టం చూశారు, సామాను ఎక్కడ ఉండాలో అక్కడే పెట్టి పెన్సిల్ గుర్తులు వేశారు.

ఆయన ఒకప్పుడు సైన్‌బోర్డులు రాసిన మనిషి. ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని పోయింది, చెయ్యి మాత్రం పోలేదు. అంచులకు టేపు అంటించకుండా, పొడుగు వెంట్రుకల కుంచెతో నేరుగా లాగేశారు. కుంచె ఎక్కడ ఎత్తి మళ్లీ పెట్టారోనని దగ్గరగా వెళ్లి వెతికాను. పలకల అతుకుల దగ్గర ఎత్తారు. అక్కడ ఎలాగూ సందు ఉంది!

బీరువా సొరుగుల మీద పిల్లల పేర్లు రాయడంలో ఆయన పాత విద్య ఇంకా బాగా కనిపిస్తుంది. ఒక పేరులో వత్తుంది, రెండోదాంట్లో లేదు. మామూలుగా రాస్తే వత్తున్న పేరు కిందికి జారినట్టుంటుంది. దాన్ని కొంచెం పైకి జరిపి, వత్తును తోక సాగనీకుండా కుదించి, రెండు పేర్లూ సొరుగుల్లో సమంగా కూర్చునేలా చేశారు. కంప్యూటర్‌లో అక్షరాలు కొట్టి కత్తిరించే స్టిక్కర్లలో ఈ సర్దుబాటు నేనెక్కడా చూడలేదు.

రంగూన్ టేకు మీద రంగేమిటని పెద్దవాళ్లు ముఖం చిట్లించారు. మామూలుగానైతే నేనూ వాళ్ల పక్షమే. కానీ ఈ మంచం మీద అప్పటికే మూడు పొరలున్నాయి: పైన చిలకాకుపచ్చ, దాని కింద మీగడ రంగు, అడుగున పసుపు. ఆ పసుపు దగ్గరే పెయింటరు జాగ్రత్తపడ్డారు. పాతకాలపు ఎనామెల్ రంగుల్లో, ముఖ్యంగా పసుపు, ఎరుపుల్లో, సీసం కలిసేది. ఇళ్లకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అందుకని పొడిగా రుద్ది దుమ్ము లేపలేదు, మంటతో కాల్చలేదు. పిల్లల్ని దూరంగా ఉంచి, పెరట్లో పాత ప్లాస్టిక్ పట్టా పరిచి, తడిపి తడిపి వాటర్ పేపర్‌తో తీశారు. ఊడిన ముద్దనంతా పట్టాతో సహా మూట కట్టారు.

తర్వాత టేకును థిన్నర్ గుడ్డతో తుడిచారు. “దీని ఒంట్లో నూనె ఉంటది బాబూ. తుడవకండా ప్రైమరేస్తే పట్టదు, పొలుసులు లేచిపోద్ది” అన్నారు. వేపమంచానికి ఆ గొడవ లేదు గానీ పురుగు తొలిచిన కన్నాలున్నాయి. మందు పోసి, లప్పం పెట్టి, ఆరాక రుద్దారు. ఇక రంగంటారా, అక్క నీలం అడిగింది, చెల్లెలు గులాబీ అడిగింది. మంచాలూ బీరువా అన్నింటికీ మజ్జిగ తెలుపే వేసి, ఎవరి సొరుగు లోపల వాళ్లడిగిన రంగు వేసి పంచాయితీ తీర్చారు.

వేయకుండా వదిలేసిన చోట్లు కూడా చూడాలి. టేకు పట్టె పై అంచు, పిల్లలు లేచేటప్పుడు చెయ్యేసే చోటు, ఉత్త చెక్కే. ఎనామెల్ వేస్తే అక్కడే ముందు పెచ్చులూడుతుందట. సొరుగుల పక్కలకీ, అవి జారే పట్టీలకీ రంగు తగలనివ్వలేదు. తగిలితే వానాకాలంలో సొరుగు బిగుసుకుపోతుంది. ఆ చోట్ల కొవ్వొత్తి రుద్ది వదిలేశారు.

సొరుగుల పిడులు ఏటికొప్పాకవి. అంకుడు కర్రను లేత్ మీద తిప్పుతూ లక్క కర్ర ఆనిస్తే, రాపిడి వేడికి కరిగి రంగు పట్టేస్తుంది. మొగలాకుతో అదిమితే ఆ మెరుపు వస్తుంది. ఈ పిడుల్ని తీసుకొచ్చింది పిల్లల తల్లి. పెయింటరు వాటి జోలికి పోలేదు, ఒక హెచ్చరిక మాత్రం చేశారు: స్పిరిట్ ఉన్న శానిటైజర్‌తో తుడవొద్దు, లక్క కరిగి గుడ్డకు వచ్చేస్తుంది, పొడిగుడ్డ చాలు.