భావం, తాత్పర్యం, దృష్టాంతం: పాఠశాల పద్యబోధనలో పారిభాషిక పదాలు

పాఠశాల తెలుగు బోధనలో పద్యం వెంట ప్రతిపదార్థం, భావం, తాత్పర్యం, సారాంశం అనే మాటలు తరచుగా వినిపిస్తాయి. వీటిలో ప్రతిపదార్థానికి మాత్రమే స్పష్టమైన హద్దు ఉంది. తక్కిన మూడింటిలో ఏది అడిగినా విద్యార్థి సాధారణంగా చేసేది ఒక్కటే: పద్యాన్ని వచనంలో తిరిగి చెప్పడం. ఈ అభేదం వల్ల పఠనావగాహనకు కలిగే నష్టాన్ని ఒక పద్యం ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

శాస్త్ర సంప్రదాయంలో ఇవి పర్యాయపదాలు కావు. భరతుని నాట్యశాస్త్రం మొదలుకొని భావం రసచర్చకు చెందిన మాట. తాత్పర్యం వాక్యార్థ విచారానికి చెందినది. విడివిడి పదాల అర్థాలు తెలిసినంత మాత్రాన వాక్యార్థం సిద్ధించదనీ, వాటి అన్వయాన్ని బోధించేది తాత్పర్యవృత్తి అనీ అభిహితాన్వయవాదుల మతం. మమ్మటుడు కావ్యప్రకాశంలో ఈ మతాన్ని ప్రస్తావించాడు. వాడుకలో మాటల అర్థం మారడం సహజమే. అయితే రెండు ప్రశ్నలకు ఒకే సమాధానం సరిపోతున్నదంటే, ఆ రెంటిలో ఒకటి నిజంగా అడగలేదన్నమాట.

ఉప్పునూ కర్పూరాన్నీ పోల్చిన వేమన పద్యం తెలుగు పిల్లలందరికీ పరిచితమే. ఆ రెండూ చూపునకు ఒకటే, రుచికి వేరు. మనుషులలో పుణ్యపురుషులు వేరు. ఇది పద్యం చెప్పిన విషయం. రూపాన్ని బట్టి మనిషిని నిర్ణయించరాదన్నది మాత్రం పద్యంలో ఎక్కడా లేదు. మనుషులు పైకి ఒకేలా కనిపిస్తారన్న మాట కూడా లేదు. ఆ రెంటినీ పాఠకుడే పూరించుకోవాలి. ఆ పూరణే తాత్పర్య గ్రహణం.

పూరణకు చోటిచ్చినది పద్య నిర్మాణమే. పోలిక మాట ఉప్పు, కర్పూరాల మధ్య ఉంది గాని, ఆ జంటకూ మనుషులకూ మధ్య ఉపమావాచకం లేదు. రెండు వాక్యాలను బింబప్రతిబింబ భావంతో పక్కపక్కన నిలపడం దృష్టాంతాలంకార లక్షణం. అంటే అలంకారాన్ని గుర్తించడమూ తాత్పర్యాన్ని గ్రహించడమూ ఇక్కడ ఒకే పని. వాచకంలో మాత్రం అవి విడిపోయాయి. ఒకటి 'అవగాహన–ప్రతిస్పందన'లోకీ, మరొకటి 'భాషాంశాలు'లోకీ చేరాయి. అందువల్ల లక్షణం కంఠస్థం చేసిన విద్యార్థికి దాని ప్రయోజనం తెలియదు. పద్యం అర్థమైన విద్యార్థికి తాను గ్రహించినదానికి ఒక పేరుందని తెలియదు.

ప్రతిపదార్థం అనవసరమని దీని అర్థం కాదు. ప్రాచీన వ్యాఖ్యాన పద్ధతికి పదచ్ఛేదం, పదార్థకథనం, విగ్రహం, వాక్యయోజన, ఆక్షేప సమాధానం అని ఐదు అంగాలు. పాఠశాల మొదటి నాలుగింటిని ఏదో ఒక రూపంలో నిలుపుకొని ఐదవదాన్ని వదిలివేసింది. ఈ పద్యం విషయంలో ఆక్షేపం సులభమే: ఉప్పు, కర్పూరాలకు రుచి పరీక్ష ఉంది, మనుషులకు ఆ రుచి స్థానంలో ఉన్నదేమిటి? నడవడి, మాట, సహవాసం అంటూ పిల్లలు తలొక సమాధానం చెప్పగలరు. ప్రతి సమాధానాన్నీ పద్యంతో సరిచూడవచ్చు.

కనుక కావలసినది కొత్త పారిభాషిక పదాలు కాదు, ఉన్నవాటి మధ్య హద్దు. పద్యం ఏమి చెప్పిందో భావంగా, చెప్పక ఏమి తెలిపిందో తాత్పర్యంగా, అలా తెలిపిన తీరును అలంకారంగా అడిగితే, ఈ మూడు మాటలూ మార్కుల శీర్షికలుగా మిగిలిపోక చదివే సాధనాలవుతాయి.