మనిషిని మొత్తముగా చూచు నొప్పివైద్యము: ఒక విమర్శ

దీర్ఘకాలిక నొప్పికి వైద్యము చేయువారి నోట ఈనాడు తరచుగా వినబడు మాట ఒకటి కలదు: "నొప్పిని మాత్రమే కాదు, మనిషిని మొత్తముగా చూడవలెను." మూడు నెలలు దాటినను వదలని నొప్పిని దీర్ఘకాలిక నొప్పి అందురు. అట్టి నొప్పికి ఎముకల వైద్యుడొక్కడు చాలడనియు, శరీరము, మనస్సు, సంఘజీవనము ఈ మూడింటిని కలిపి పట్టించుకొనవలెననియు ఈ వాదము చెప్పును. వాదము మంచిదే. అయితే ఆ "మొత్తము"లో ఏమేమి చేరుచున్నవి, ఏమేమి జారిపోవుచున్నవి అని అడిగి చూచువారు తక్కువ. కర్నూలు జిల్లా పడమటి అంచున, విజయదాసుల కట్టతో పేరుపొందిన చిప్పగిరి మొదలుకొని ఆదోని, ఎమ్మిగనూరుల వరకు గల పల్లెలను మనస్సులో ఉంచుకొని అడిగినచో ఆ ప్రశ్నకు పదును వచ్చును.

ముందుగా వాదము ఎట్లు పుట్టినదో చూడవలెను. 17వ శతాబ్దపు ఫ్రెంచి తత్త్వవేత్త డెకార్టు నొప్పిని గంటతాడుతో పోల్చినాడు. ఒక కొన లాగిన రెండవ కొనన గంట మ్రోగినట్లు, కాలు కాలిన మెదడులో నొప్పి మ్రోగును. దెబ్బ ఎంతో నొప్పి అంత. ఈ లెక్క తప్పని చూపినది రెండవ ప్రపంచయుద్ధము. ఇటలీ యుద్ధరంగమున తీవ్రముగా గాయపడిన సైనికులను బీచర్ అను అమెరికను మత్తువైద్యుడు ప్రశ్నించగా, దాదాపు నాలుగింట మూడు వంతులమంది నొప్పిమందు కోరలేదు. గాయము వారికి ఇంటికి తిరిగిపోవు దారి అయినది. అంతకంటె చిన్న కోతలు గల మామూలు రోగులు మాత్రము మందు కావలెనన్నారు. సైనికులను గూర్చిన సంగతిని బీచర్ 1946లో ప్రకటించినాడు. తరువాత 1965లో మెల్జాక్, వాల్ అనువారు ద్వారనియంత్రణ సిద్ధాంతమును ప్రతిపాదించినారు. వెన్నుపాములో ఒక ద్వారము వంటిది కలదనియు, దెబ్బ తగిలినచోట రుద్దినపుడు స్పర్శనాడులు దానిని కొంత మూయుననియు, మెదడు కూడ పైనుండి దానిని మూయగలదు, తెరువగలదనియు దాని సారాంశము. వారు గీసిన నాడుల పటము అక్షరాల నిలువలేదు గాని మూలభావము నిలిచినది. 1983లో వుల్ఫ్ మరొక సంగతి చూపినాడు: గాయము తరువాత వెన్నుపామే అతిసున్నితమై, చిన్న స్పర్శకు కూడ పెద్దగా స్పందించగలదు. అనగా గాయము మానినను నొప్పి మిగులవచ్చును. ఆ నొప్పి కల్పన కాదు.

ఈ చివరి వాక్యమును ఉపాధ్యాయులు బోర్డుపై వ్రాయదగును. ఏలయన "మనస్సును కూడ చూడవలెను" అను మాటను "అంతా మనస్సులోనే ఉన్నది" అని అర్థము చేసికొనువారు ఇంటింటా కలరు, వైద్యులలోను లేకపోలేదు. నడుము పట్టుకొని లేవలేని కోడలిని "పని తప్పించుకొనుటకు" అని దెప్పుటకు శాస్త్రము పేరు తోడైనచో అంతకంటె అన్యాయము లేదు.

రెండవ దురుపయోగము మరొక విధమైనది. మనిషిని మొత్తముగా చూచుట ప్రాచీనమైన మన పద్ధతియే కదా అని చెప్పి, పరీక్షకు నిలువని తైలములను, వాతలు పెట్టుటను సమర్థించువారు కలరు. పాతదగుట రుజువు కాదు. అట్లే, కారణము స్పష్టముగా ఉన్నచోట మనస్సును ఓదార్చుట వైద్యము కాజాలదు. నల్లగొండ ప్రాంతమున ఫ్లోరైడు ఎక్కువగాగల బావినీరు ఏండ్ల తరబడి త్రాగినవారికి వెన్ను బిగిసి, కీళ్ళు వంగిపోయినవి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ హద్దు పెట్టినది. అక్కడ మొదట మారవలసినది నీరు. నడుమునొప్పితో పాటు జ్వరము, బరువు తగ్గుట, కాళ్ళ బలహీనత, మూత్రముపై అదుపు తప్పుట వంటివి కనబడినచో వెన్నెముక క్షయ మొదలగు వాటిని వెంటనే వెదకవలెను.

ఇక అసలు విషయము. 1977లో ఎంగెల్ అను అమెరికను వైద్యుడు శరీరము, మనస్సు, సంఘము అను మూడింటిని ఒక్క చట్టములో బిగించినాడు. ఆచరణలో మాత్రము మూడవది ముడుచుకొనిపోయి, "ఇంటివారు ఓదార్పుగా ఉండవలెను" అను సలహాగా మిగిలినది. ఎమ్మిగనూరు నేతగాని తీసికొనుడు. గుంటమగ్గమున అతడు గుంట అంచున కూర్చుని, కాళ్ళు లోపల ఉంచి తొక్కుడుచెక్కలు ఆడించును. ఒక చేత తాడు లాగి నాడెను పరుగెత్తించును, రెండవ చేత అచ్చును కొట్టును. వెన్నుకు ఆనుకొను చోటు లేదు. ముందుకు వంగి, మెడ దించి, పేకపోగు తెగినదేమో చూచుచుండవలెను. ఇది ఒక గంట కాదు, దినమంతయు. ఒక ఏడు కాదు, జీవితమంతయు. ప్రత్తి తీయు స్త్రీ సంగతి వేరు. ఆమె నడుముకు ఒడి కట్టుకొని, వంగి, చెట్టు చెట్టుకు జరుగును. ఒడి నిండుకొలది బరువు నడుముపై పడును. వానలు లేని యేట ఈ ప్రాంతపు కుటుంబములు సుగ్గికని గుంటూరు వైపు మిరపకోతకు పోవును; అక్కడను అదే వంగుడు.

వీరికి నొప్పివైద్యము ఇచ్చు ప్రసిద్ధమైన సలహా ఏమి? "పనిని ముక్కలుగా విడదీసి, మధ్య మధ్య విరామము తీసికొనుము." శరీరధర్మము ప్రకారము ఇది సరియైన సలహా. కాని కూలి కిలోకింత అని లెక్క కట్టుచోట విరామమనగా కూలి తగ్గుట. సలహా వినని స్త్రీని మూర్ఖురాలనుట తగదు. ఆమెకు లెక్క తెలియును. "వ్యాయామము చేయుము" అనిన ఆమె నవ్వవచ్చును. నిజమునకు వ్యాయామము, కాయకష్టము ఒకటి కావు. వ్యాయామమున కదలిక పలువిధములుగా ఉండును, మెల్లగా పెరుగును, ఆపుట మన చేతిలో ఉండును. కాయకష్టమున ఒకే కదలిక, ఒకే భంగిమ. ఆపుట మేస్త్రీ చేతిలో ఉండును. ఈ తేడాను విడమరచి చెప్పకుండ వ్యాయామమును చీటీపై వ్రాయుట వ్యర్థము.

సలహా కుదరనిచోట అంగడిలోని బిళ్ళ కుదురును. డైక్లోఫినాక్ వంటి బిళ్ళలు కొలది దినములకు మేలే. నెలల తరబడి మ్రింగినచో కడుపులో పుండ్లు, మూత్రపిండములకు హాని కలుగవచ్చును. ఎండలో నీరు చాలక పనిచేయువారికి ఆ ప్రమాదము హెచ్చు. పేరులేని పొట్లములలో స్టీరాయిడులు కలిపి ఇచ్చుట మరింత చెరుపు. వారములో హాయి, ఏండ్లలో ఎముకల గుల్లతనము.

ఇంతకు, మొత్తము మనిషిని చూచు వైద్యము ఫలించునా? 2014లో కొక్రేన్ సంస్థవారు నడుమునొప్పిపై జరిగిన 41 పరీక్షలను కలిపి చూడగా, మామూలు వైద్యముకంటె ఇది నొప్పిని, అశక్తతను కొంత ఎక్కువగా తగ్గించినదని తేలినది. ఫలము నిజమైనది, అయితే ఒక మోస్తరు. 2023లో ప్రపంచ ఆరోగ్యసంస్థ రోగికి విషయము బోధించుటను, వ్యాయామమును, మనస్తత్త్వచికిత్సను సిఫారసు చేసి, మందుల అంగళ్ళలో విరివిగా అమ్ముడగు నడుముపట్టీలను మామూలు వైద్యముగా వాడవద్దన్నది. ఆ పట్టీకి ఖర్చు పెట్టిన కూలివారికి ఈ సంగతి తెలుగులో చెప్పువారు కావలెను.

ఈ వైద్యమునకు ఇంకను ఒక అడుగు మిగిలియున్నది: చీటీ రోగికే కాక, పని నడుపువారికి కూడ వ్రాయుట. ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప ప్రోద్బలమున నేతగాండ్ర సహకారసంఘము 1938లోనే ఏర్పడినది. అనగా నేతగాండ్రు కలిసి తమ పనిని తామే చక్కబెట్టుకొను మార్గము ఆ ఊరికి క్రొత్త కాదు. కూర్చుండు పలక ఎత్తు మార్చుటకు, వెన్నుకు ఆనిక కట్టుటకు, గుంటమగ్గమును నేలపైకి తెచ్చుటకు కావలసినది వడ్రంగి. ప్రత్తిచేలలో ఒడి నిండకముందే దించుకొనుటకు గట్టున ఒక సంచి చాలును. ఖర్చు పెద్దది కాదు. మగ్గము మార్చు దినములలో నేత ఆగును. ఆ దినముల కూలి ఎవరు ఇయ్యవలెనన్నది మాత్రము నొప్పివైద్య గ్రంథములలో కనబడదు.